తిప్పి పెట్టిన రాయి

ఒక సున్నపురాయిని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. అది నిజానికి టెక్సస్‌లో, మా అక్కావాళ్ళ రాంచ్‌లో, ఒక పాత సైనిక కోట గోడలో ఉంది. అక్కడ పెట్టింది నేనే. ఎలా పెట్టానో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

కోట అంటే బురుజులూ అవీ కాదు. ఆ ప్రాంతం దేశానికి సరిహద్దుగా ఉన్న రోజుల్లో గుర్రపు సిపాయిలు ఉండడానికి కట్టుకున్న రాతి గదుల వరస. బావ రాంచ్ కొన్నప్పుడు అవి సగం కూలి ఉన్నాయి. బాగు చేయిద్దామన్నాడు. నేను సివిల్ ఇంజనీర్ని. వారాంతాలన్నీ అక్కడే గడిపాను.

గోడలకు సిమెంటు వాడదామన్నాడు బావ. వద్దన్నాను. సిమెంటు తడిని లోపలే పట్టి ఉంచుతుంది, మెత్తటి పాత రాళ్ళు చిట్లిపోతాయి, సున్నమే వాడాలని పట్టుబట్టాను. ఆ వేసవంతా నన్ను సున్నం సుబ్బారావు అని పిలిచాడు. మాట నెగ్గింది మాత్రం నాదే.

రూబీ ఆంటీ గురించి చెప్పాలి. మా మేనల్లుళ్ళు అలా పిలిచేవాళ్ళు, మాకూ అదే అలవాటైంది. దగ్గరి ఊళ్ళో ఉండే నల్లజాతి పెద్దావిడ. ఆమె ముత్తాత ఆ కోటలో సిపాయి. గదులు కట్టింది కూడా ఆ సిపాయిలే. పడమటి గోడలో ఒక రాతి మీద ఆయన మేకుతో తన పేరు గీసుకున్నాడు: ఐజాక్. ఆయన ఫొటో లేదు. సమాధి ఎక్కడో తెలియదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆమెను ఎత్తుకుని, ఆ అక్షరాల మీద వేలు పెట్టించి చదివించాడట.

ఆ గోడ ఉబ్బి ఉంది. రాళ్ళకు సుద్దతో నంబర్లు వేసి, గోడ ఇప్పి, మళ్ళీ అదే వరసలో కడుతున్నాం. ప్రారంభోత్సవం నాడు ఐజాక్ రాయిని అందరికీ చూపిస్తానని బావ ఊరంతా చెప్పాడు.

అప్పుడే ఇండియా నుంచి శిలాఫలకం వచ్చింది. నల్ల గ్రానైటు, బంగారు రంగు అక్షరాలు. బావ తల్లిదండ్రులు, బావ, అక్క, పిల్లలు, ట్రాక్టరు అరువిచ్చిన పక్క రాంచ్ ఆయన, అందరి పేర్లూ ఉన్నాయి. నా పేరు లేదు. భోజనాల దగ్గర, స్నేహితులందరి ముందూ అడిగాను.

"నా పేరేది బావా?"

"అదేంటి బామ్మర్దీ, ఇంట్లోవాడివి, నీకు పేరెందుకు? అవన్నీ బయటివాళ్ళకి."

"నీ పేరుందిగా?"

"ల్యాండ్ నాది కదా! సున్నం కలిపినోడి పేరు కూడా వేయిస్తే ఇంకో స్లాబ్ ఆర్డర్ చేయాలి."

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఆ మధ్యాహ్నం గోడ దగ్గర ఒక్కణ్ణే ఉన్నాను. ఐజాక్ రాయి చేతికొచ్చింది. ఒక నిమిషం చూశాను. తర్వాత పేరున్న ముఖాన్ని గోడ లోపలికి తిప్పి, సున్నం పూసి, పెట్టేశాను. దాని చోటు మార్చలేదు. అంత కోపంలోనూ నంబరు తప్పించడానికి నాకు చేతులు రాలేదు. ఇప్పేటప్పుడు ఆ రాయి పొడైపోయిందని, దాని చోట వేరే రాయి పెట్టానని బావతో చెప్పాను. కొన్ని రాళ్ళు నిజంగానే పొడయ్యాయి కాబట్టి నమ్మాడు. అతని ముఖం వాడిపోయింది. నాకు సంతోషమైంది. అబద్ధం చెప్పను, చాలా సంతోషమైంది.

రూబీ ఆంటీ ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదా? వచ్చింది. వచ్చినా చేశాను. ఇన్నేళ్ళూ నాలో నేనే దాచుకున్న మాట ఇదే.

ప్రారంభోత్సవానికి ఆమె తెల్ల టోపీ పెట్టుకుని వచ్చింది. సంగతి చెప్పాం. గోడ దగ్గరికి వెళ్ళి సరిగ్గా ఆ రాయి మీదే అరచెయ్యి ఆనించి, "ఇక్కడే కదా ఉండేది?" అంది. "కొత్త రాయి బాగా అమరింది. ఎవరు పెట్టారు?"

"నేనే," అన్నాను.

"థాంక్యూ బాబూ" అనే అర్థం వచ్చేలా నా భుజం తట్టింది. నేను తల ఊపాను.

ఆ పేరు గీసుకున్నవాడూ గోడ కట్టినవాడే. అతని పేరు ఎవరూ ఏ ఫలకం మీదా వేయించలేదు, అందుకే తనే గీసుకున్నాడు. అక్కడ నా బాధ తెలిసేవాడు ఎవరైనా ఉంటే అతనొక్కడే. అతని ముఖాన్నే గోడకేసి తిప్పాను. ఇది నాకు తట్టడానికి ఎన్నేళ్ళు పట్టిందో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

రూబీ ఆంటీ ఇప్పటికీ ఏటా వస్తుంది. చూపు దాదాపు పోయింది. ఈసారి గోడంతా వేళ్ళతో తడుముకుంటూ నడిచింది. ఆ రాయి మీంచి కూడా వేళ్ళు వెళ్ళాయి. పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

బావ ఇది చదివితే రాసిందెవరో వెంటనే తెలిసిపోతుంది. తెలియనీ. ఫలకం మీద నా పేరు లేకపోవడం తప్పని ఇప్పటికీ అంటాను, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ బావా, ఆ రాయి పొడైపోలేదు. పడమటి గోడ, తలుపు పక్క కిటికీ కింద, కిటికీ గట్టుకు ఆనుకుని ఉన్నది. సిమెంటు అయితే బద్దలు కొట్టాల్సి వచ్చేది. సున్నం కాబట్టి ఉలితో మెల్లగా గీకితే అతుకు వదులుతుంది. బయటికి తీసి తిప్పు. అక్షరాలు లోతుగానే ఉన్నాయి, ఆమె వేళ్ళకు తెలుస్తాయి.