ఎదురుమాటకు నేను జనాన్ని తెచ్చిన శుక్రవారం

అది శుక్రవారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. సౌదీలోని అల్ ఖోబర్‌లో జుమా నమాజు అయిపోయింది, బిర్యానీలు తినడం అయిపోయింది, దుకాణాల షట్టర్లు మాత్రం పొద్దు వాలేవేళ అసర్ నమాజు అయ్యేదాకా లేవవు. మసీదు వెనక ఖాళీ స్థలంలో మా కంపెనీ బస్సు ఏసీ వేసుకుని, కడుపు నిండిన జనాన్ని మోసుకుని నిలబడి ఉంది. స్టీరింగు ముందు నేను. అంత కచ్చితంగా ఎలా గుర్తుందని అడగకండి. మనిషి ఛాతీ పొంగిన గంట మనిషికి గుర్తుంటుంది. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నానని అంటారా, నేను చెప్పుకోకపోతే ఇంకెవరు వచ్చి చెబుతారు?

ఆ రోజుల్లో నా గడ్డం సగం నెరిసింది కానీ అక్షరాల్లో నేను పసివాణ్ణే. అందరికీ పదహారేళ్లకు వచ్చే కుర్రతనం నాకు యాభై దాటాక వచ్చింది. (నవ్వేవాళ్లు నవ్వుకోండి, నేనూ నవ్వుకుంటూనే రాస్తున్నాను.) చదవడం కొత్తగా వచ్చినవాడు కొత్తగా సైకిలు నేర్చినవాడి లాంటివాడు, పని లేకపోయినా వీధి చివరిదాకా వెళ్లొస్తాడు. ఊరినుంచి ఎవరికైనా పచ్చడి వస్తే పచ్చడి వాళ్లకు, డబ్బా మీది రాత నాకు. నాకు అక్షరాలు దిద్దించింది మా గదిలో ఉండే నెల్లూరు దర్జీ. కంపెనీ యూనిఫారాలు సరిచేసే మనిషి. గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో నల్ల ప్యాంటు ముక్క మీద అక్షరం రాసిచ్చి దిద్దమనేవాడు. ఆయన కళ్లు ఎప్పుడూ సూది మీదే ఉండేవి, నేను ఏం దిద్దానో చూసే తీరిక లేదు. "గట్టిగా చదవన్నా, నేను యింటా ఉంటా గదా. తప్పు పోతే మిషను ఆపతా," అనేవాడు. మిషను మోతను దాటి వినపడాలంటే అరవాలి. అలా నేను చదవడమూ అరవడమూ ఒకేసారి నేర్చుకున్నాను. పెదవి కదపకుండా చదివేవాణ్ణి చూస్తే వీడు చదువుతున్నాడా, కునుకు తీస్తున్నాడా అని అనుమానం వచ్చేది. పైగా నాది రాయచోటి గొంతు. మా ఇంట్లో అన్నం తిన్నావా అని అడిగినా పక్కింటివాళ్లు తగాదా అనుకుని తొంగిచూస్తారు.

మా సైటులో గుంటూరు ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. మెత్తని మనిషి, టీ కూడా 'దయచేసి' అని అడుగుతాడు. కారు మరమ్మతుకు ఇచ్చినప్పుడల్లా మా బస్సెక్కేవాడు, అలా పరిచయం. ఆయన ఫోనులో 'ఎదురుమాట' అని ఒక చర్చల గుంపు పెట్టాడు. ఇక్కడున్న తెలుగువాళ్లు, ఏ పార్టీవాడైనా సరే, మన ఊళ్ల రాజకీయం గురించి కొట్టుకోకుండా మాట్లాడుకోవాలని ఆయన ఆశ. నియమాలు కూడా పెట్టాడు: తిట్లు వద్దు, ఈ దేశం సంగతులు ఎత్తవద్దు, గొంతు రికార్డు చేసి పంపవద్దు, రాసే మాట్లాడాలి. చేరినవాళ్లంతా ఆయన తోటి ఇంజనీర్లే, అదీ పిడికెడుమంది. ఒకాయన ఏదైనా రాస్తే మిగిలినవాళ్లు "చక్కగా చెప్పారు" అనేవాళ్లు. గుంపు పేరు ఎదురుమాట, ఎదురు చెప్పే నాథుడు ఒక్కడూ లేడు. జనం కోసం ఆయన మెస్సు గోడకు ఫోనుతో ఫొటో తీస్తే నేరుగా గుంపులోకి తీసుకెళ్లే నల్లచుక్కల చదరం ఒకటి అంటించాడు. పక్కనే సాంబారు మీద ఫిర్యాదుల కాగితం ఉండేది. మావాళ్లు ఇదీ సాంబారు గురించే అనుకున్నారు. మనిషి మనిషినీ ఆపి చెబితే, "రాజకీయమా? దండం సారూ, మా బతుకు ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు మీద ఉంది," అని పక్కకు తప్పుకున్నారు.

నన్ను మాత్రం చేర్చుకున్నాడు, ఏది దొరికినా చదువుతానని ఆయనకు తెలుసు. నేను ఊరికే చదివి ఊరుకోలేదు, రాశాను కూడా. ఒంటివేలితో, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని రాశాను: "నా ఓటు రాయచోటిలో ఉంది. నేను ఇక్కడ ఉండాను. ఏం చేయాల?" నా జన్మలో నలుగురి కోసం రాసిన మొదటి రాత అది. దానికి జవాబుగా ఇద్దరు బొటనవేలి బొమ్మ పెట్టారు. మా ఊళ్లో బొటనవేలు ఆడిస్తే ఏమీ లేదు పొమ్మని అర్థం. అదీ కాక, అన్నేళ్లు వేలిముద్ర వేసినవాణ్ణి, కష్టపడి అక్షరం రాస్తే మళ్లీ నాకు వేలే వచ్చింది! ఆ రాత్రి అన్నం సరిగా పోలేదు.

తరవాత కొన్నాళ్లకు ఇంజనీరు బస్సెక్కి నా వెనక సీట్లో కూలబడ్డాడు.

"చాచా, ఎవరూ రావడం లేదండీ. ఈ శుక్రవారం సాయంత్రం దాకా చూసి, మూసేద్దామనుకుంటున్నాను."

"మూస్తే నేను రాసింది యాడికి పోతాది?"

"అదీ పోతుందండి. అన్నీ పోతాయి."

"పోతే ఎట్ల సారూ? ఇంకా ఎవురూ జవాబు చెప్పలేదే దానికి!"

"జనాన్ని ఎలా రప్పించాలో నాకు తెలియడం లేదు చాచా."

"నువ్వు ఊరికే ఉండు. నేను తెస్తా. జనాన్ని ఎక్కించుకోని తెచ్చేదే గదా నా ఉద్యోగం."

అన్నాను కానీ, ఆ వారమంతా బస్సు తలుపు దగ్గర ఎంతమందిని అడిగినా ఒక్కరూ చెవి పెట్టలేదు. శుక్రవారం రానే వచ్చింది. చెప్పాను కదా, రెండూ ఇరవై. ఇక ఉపాయమేదీ తోచక, నా రాత పోయేలోగా ఒకసారి చూసుకుందామని ఫోను తీశాను. ఇంజనీరు కొత్తగా ఒక పెద్ద వ్యాసం పెట్టి ఉన్నాడు. ఫోను చేయి చాచినంత దూరంలో పట్టుకుని (అప్పటికి కళ్లద్దాలు లేవు) మొదలుపెట్టాను. నాకోసమే చదువుకున్నాను. కాకపోతే నేను నాకోసం చదువుకుంటే బస్సు చివరి సీటు దాకా వినబడుతుంది.

"మిత్రులారా! ఉపాధి కోసం దేశం దాటి వచ్చిన మనం! అక్కడి పాలన ఫలితాలను రోజూ అనుభవించేవాళ్లం కాదు! కనుక ఇక్కడినుంచే ఓటు వేసే హక్కు కావాలని కోరే ముందు! ఆ అర్హత మనకు ఉన్నదా! అని వినయంగా ఆలోచించుకోవాలని నా మనవి!"

నా వెనక కునుకు తీస్తున్న భీమవరం వెల్డరు దిగ్గున లేచాడు. "ఎవడండీ బాబూ వాడు? నాకు అర్హత లేదంటాడేంటి?"

"నేను అనలేదప్పా, ఉండేది చదువుతాండా."

"ఇంకోసారి చదవండి బాబాయ్, ఆ చివరి ముక్క."

చదివాను. 'వినయంగా' అన్న చోట గొంతు ఇంకాస్త లేచింది, ఆ మాట పొడుగ్గా ఉంటుంది కదా, దమ్ము పట్టాలి.

"చూడండి, చూడండి! వినయం అంటూ ఎలా మీద పడుతున్నాడో!" అన్నాడు వెల్డరు.

కిటికీ పక్కన ఉన్న కరీంనగర్ క్రేను ఆపరేటరు ఫోనులో ఇంటితో మాట్లాడుతున్నవాడు అది ఆపేసి ఇటు తిరిగాడు. "ఏంది చాచా, గట్లెట్లంటడు? మా ఊళ్ల బోరు ఎండితే మా అవ్వ ఎవలితోని ఏడుస్తది? నాతోనే! నేను అనుభవిస్తలేనా? గాయన్ని నాతోని మాట్లాడుమను."

"మాట్లాడాలంటే లోపలికి పోవాల. చేరాల."

"చేరుత! ఎట్ల చేరుడు?"

"ఇకామాకేం గొడవ రాదు గదండీ?" అని వెల్డరు గొంతు తగ్గించాడు.

"మన ఊరి మాటే మాట్లాడేది. ఈ దేశం మాట ఎవుడన్నా ఎత్తితే నేనే బస్సులోంచి దించేస్తా. ఇట్లియ్యి ఫోను."

ఆ తరవాత జరిగింది చెబితే మీరు నమ్మరు. సీటు సీటుకూ ఫోను ముందుకు చాపారు. నేను వ్యాసం మళ్లీ మొదటినుంచి చదవడం, ఒక్కో వాక్యానికి ఒక్కో సీటులోంచి మనిషి లేవడం, లేచినవాణ్ణి పక్కవాడు గుంపులో చేర్చడం. రాసే ఓపిక ఎవరికి ఉంది, అందరూ గొంతులే పంపారు. నియమం సంగతి నేను గుర్తు చేయలేదు. కోపంలో ఉన్న మనిషికి నియమం చెబితే ఆ కోపం చెప్పినవాడి మీదికి మళ్లుతుందని నాకు బస్సు నడపడంలోనే తెలుసు.

అక్కడికి రెండు వీధుల అవతల హోటల్లో ఇంజనీరు భార్యతో కలిసి భోంచేస్తున్నాడు. ఆవిడ పిల్లలకు చదువు చెప్పే పంతులమ్మ. ఆయన ఫోను బల్ల మీద బొంగరంలా తిరగడం మొదలుపెట్టిందట. ఒక గొంతు తెరిస్తే "అర్హత గురించి చెప్పడానికి నువ్వెవడివయ్యా" అని ఒకరు, ఆ వెనకే "మిత్రులారా!" అని నా అరుపు. ఇద్దరూ చేతులు కడుక్కుని నేరుగా బస్సు దగ్గరికి వచ్చారు. వెనక తలుపులోంచి ఎక్కి నిలబడ్డారు. నేను చూడలేదు, అందరి కోరిక మీద ఇంకోసారి చదువుతున్నాను.

"ఇది రాసినవాడు దొరికితే నాలుగు కడిగేస్తానండి," అన్నాడు వెల్డరు.

"రాసింది నేనేనండి," అని వెనకనుంచి మెత్తగా వినబడింది.

తల తిప్పి చూస్తే ఇంజనీరు ముఖం ఎర్రగా ఉంది. "చాచా, నేను రాసింది మనవి. మీరు దాన్ని సంత చేశారు."

"ఉండే అక్షరం ఉండేటట్లే చదివినా సారూ. ఒక్కటి కూడా మార్చలేదు."

అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉన్న దర్జీ ఆ కళ్లు తెరవకుండానే అన్నాడు: "ఒక్క తప్పు పోలా సారు. మొదట్నించీ నేను యింటానే ఉండా."

ఇంజనీరు ఇంకేదో అనబోయాడు. పంతులమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "మీరు రాసింది చివరిదాకా చదివిన మొదటి మనిషి ఆయనేనండీ. నేను కూడా సగంలో వదిలేశాను."

బస్సంతా భళ్లుమని నవ్వింది. ఇంజనీరుకూ నవ్వు ఆగలేదు. వెల్డరు లేచి సీటు దులిపాడు. "మీరా సార్! కూర్చోండి. మీతో చాలా ఉంది."

కూర్చున్నాడు. క్రేను ఆపరేటరు బోరు సంగతి ఎత్తాడు, వెల్డరు తన ఊరి రోడ్డు ఎత్తాడు, ఇంజనీరు ఒక్కోదానికీ "నిజమేనండి, కానీ" అంటూ జవాబు చెప్పాడు. ఇన్నాళ్లూ ఆయన వెతుకుతున్న ఎదురు ఆ మధ్యాహ్నం నిండుగా దొరికింది. కాసేపటికి, "ఈ మాటలన్నీ రాసి పెట్టండి, గొంతులు వద్దని నియమం ఉంది కదా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "సారూ, పొద్దంతా వెల్డింగు టార్చి పట్టిన చెయ్యి అది, మళ్లీ రాయమంటే యాడ రాస్తాది? నేను ఇన్నేండ్లూ గొంతుతోనే బతికినా, రాత మొన్న వచ్చింది. నీ వాకిలి చిన్నది చేసి పెట్టి, జనం రాలేదంటే ఎట్ల? వాకిలి తియ్యి."

ఇంజనీరు ఫోను తీసి అక్కడికక్కడే ఆ నియమం కొట్టేశాడు.

"చాచా, ఇంతకూ నువ్వేం రాసినవ్ గండ్ల?" అన్నాడు క్రేను ఆపరేటరు.

వెతికి పట్టుకున్నాను. ఎందుకో ఈసారి గొంతు లేవలేదు. "నా ఓటు రాయచోటిలో ఉంది. నేను ఇక్కడ ఉండాను. ఏం చేయాల?" అని మెల్లగా చదివాను. అంత మెల్లగా నేను చదవగలనని నాకే తెలియదు. ఎవరూ బొటనవేలు చూపలేదు. వెల్డరు, "నాదీ అంతేనండి," అన్నాడు. క్రేను ఆపరేటరు, "ఓటుకని ఇంటికి పోతనంటే సెలవు ఎవలిస్తరు?" అన్నాడు. ఆ తరవాత ఎవరు ఏమన్నారో చెప్పలేను, అందరూ ఒకేసారి అన్నారు. ఇంజనీరు ఆ గోలలోనే వంగి, "చాచా, నా వ్యాసం తీసేసి మీ ప్రశ్నను పైన పెడుతున్నాను. దీనికి జవాబు తేలేదాకా మూసేది లేదు," అన్నాడు. జవాబు ఇంకా తేలలేదు. అందుకే ఎదురుమాట ఇంకా నడుస్తోంది.

అసర్ అజాన్ అయింది, మాటలు ఆగాయి, నమాజుకు వెళ్లేవాళ్లం వెళ్లొచ్చాం. తిరిగొచ్చాక మళ్లీ అందుకున్నారు. షట్టర్లు లేచాయి, ఒక్కరూ దిగలేదు. వెల్డరు కూతురికి బూట్లు కొనడం మరిచిపోయి, ఇంట్లో తిట్లు తిని, ఆ తప్పు ఇప్పటికీ నా మీదే వేస్తాడు.

ఇప్పుడు ఖతీఫ్ నుంచి, నజ్రాన్ తోటలనుంచి కూడా గొంతులు వస్తాయి, రాతలూ వస్తాయి. ఎవరికీ నేను చదివి వినిపించే పని లేదు. నేనూ కళ్లద్దాలు పెట్టుకుని, నోరు మూసుకుని చదువుకుంటున్నాను, అందరిలాగే. అర్థం ఎక్కువే అవుతుంది. కానీ ఒక్కోసారి స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు, ఫోనును అంత దూరాన పట్టుకుని 'వినయంగా' అని బస్సు అదిరేలా అరిచిన ఆ మనిషి గుర్తొస్తాడు. వాడికి ఏమీ తెలియదు, సిగ్గు అంతకన్నా లేదు. వాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను, వాడి ధైర్యంలో కొంచెం నాకు మిగిలి ఉంటే బాగుండేదనీ అనుకుంటాను.

ఆ రోజు అక్కడ ఉన్నది వీళ్లు: నా వెనక సీట్లో భీమవరం వెల్డరు, కిటికీ పక్కన కరీంనగర్ క్రేను ఆపరేటరు, కళ్లు మూసుకుని నెల్లూరు దర్జీ, వెనక తలుపులోంచి వచ్చిన గుంటూరు ఇంజనీరు, ఆయన్ను ఆపిన పంతులమ్మ, మెస్సులో సాంబారు కాచే తెనాలి వంటాయన (నోరు విప్పలేదు, కానీ ఆ రోజు బస్సులో అందరికన్నా ముందు చేరింది ఆయనే), చివరి వరసలో నవ్వుతూ కూర్చున్న పెయింటర్లు, డ్రైవరు సీట్లో నేను. ఇంకెవరైనా వచ్చి నేనూ ఉన్నానని చెబితే నమ్మకండి. బస్సు నాది, అద్దంలో అందరూ కనబడ్డారు.