పదహారేళ్లా, పద్దెనిమిదేళ్లా

మా ఎదురింటి వదినగారు పిల్లల గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యారు. ఏ పుస్తకం ఏ వయసు పిల్లల చేతికివ్వచ్చో అట్ట చూసి కాకుండా ఆసాంతం చదివి చెప్పే మనిషని ఆవిడకు పేరు. ఆ పేరు వల్లే కాబోలు, వీడియో గేములకు వయసు ముద్ర వేసే కమిటీలో ఆవిడని వేశారు. ఫలానా గేమ్ పన్నెండేళ్లు నిండితే ఆడచ్చు, ఫలానాది పద్దెనిమిది నిండితే గాని అమ్మకూడదు అని ముగ్గురు కూర్చుని తేలుస్తారు. ఒకరు రిటైరైన జడ్జిగారు, ఒకరు పిల్లల మనసుల గురించి చదువుకున్న డాక్టరమ్మ, మూడో మనిషి మా వదినగారు.

మొదట్లో ఆ పని హాయిగానే సాగింది. కంపెనీలు వీడియోలు పంపేవి, ఆవిడ కూర్చుని చూసేవారు. నేను ఇంట్లోనే కుట్టుపని చేసుకుంటాను, మధ్యాహ్నాలు కాస్త నడుం నొప్పెడితే లేచి వాళ్లింటికి వెళతాను. "పొద్దున్నించీ చేపలు పట్టే గేమ్ చూస్తున్నానమ్మా, ఒక్క చేపా కుళ్లలేదు" అని నవ్వేవారు.

తంటా అంతా ఆ యుద్ధం గేమ్‌తో వచ్చిపడింది. సైనికుడి కళ్లలోంచి చూస్తూ, చేతిలో తుపాకీ పట్టుకుని కాల్చుకుంటూ పోయే రకం. మొదటి భాగం ఏళ్ల కిందట వచ్చిందట, కుర్రకారంతా దాని మీదే పడి ఆడారట. రక్తం ఎక్కువుందని అప్పట్లో దానికి పద్దెనిమిది ముద్ర పడింది. ఇప్పుడు రెండో భాగం తయారైంది. ఇందులో రక్తం తగ్గించాం, పదహారు చాలు అని కంపెనీ అడుగుతోంది. ఎప్పటిలాగే వీడియో పంపితే జడ్జిగారు ఒప్పుకోలేదు. "వాళ్లు చూపించాలనుకున్నదే చూపిస్తారు. ఎవరికి వాళ్లం ఇంట్లో కూర్చుని ఆడి చూద్దాం" అన్నారట.

ఆ మర్నాడే కంపెనీ మనిషొకతను వచ్చి వదినగారి టీవీకి పెట్టె తగిలించి, మీటలుండే కంట్రోలర్లు రెండు చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఇక చూడండి నా అవస్థ. మిషను ముందు కూర్చుంటే ఎదురింట్లోంచి ఢాం అని మోత, వెంటనే "అయ్యో" అని ఆవిడ గొంతు. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ ఢాం, మళ్లీ అయ్యో. ఉండబట్టలేక తలుపు కొట్టాను.

"ఏం చేస్తున్నారు వదినగారూ?"

"పడవ దిగుతున్నానమ్మా. దిగనివ్వడం లేదు."

గేమ్ మొదలయ్యేదే ఆ పడవతో. మంచు కప్పిన ఒడ్డుకి సైనికులతో పడవ వస్తుంది, దిగి పరుగెత్తాలి. ఆవిడ బొటనవేళ్లకు ఆ మీటలు వంటబట్టలేదు. దిగితే నీళ్లలో పడేవారు, పడకపోతే ఆకాశం వైపు చూస్తూ నిలబడిపోయేవారు. ఇలా కొన్నాళ్లు నలిగాక ఊరెళ్లిన కూతురికి ఫోన్ చేశారు. ఆ అమ్మాయి ఆఫీసు ట్రైనింగ్ మీద వేరే ఊళ్లో ఉంది. "మీ అల్లుడు పైనే ఉన్నారు కదమ్మా. ఆయనకి ఆ గేమ్ కొట్టిన పిండి. అడుగు" అంది.

అడగడానికి వదినగారికి మనసొప్పలేదు. అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మా పై అంతస్తులోనే కాపురం. పెళ్లయి నాలుగేళ్లయినా ఆ అబ్బాయి అత్తగారితో మాట్లాడినవి మూడే మాటలు: ఆఁ, లేదండి, సరేనండి. తనంటే అతనికి గిట్టదేమోనని ఆవిడకి లోపల గుచ్చుకుంటూ ఉండేది. కూతురి దగ్గర కూడా ఆ మాట ఎత్తలేదు. కానీ పని నెత్తిమీద పడింది, ఏం చేస్తారు. సాయంత్రం అతను మెట్లెక్కుతుంటే గుమ్మంలో నిలబడి, "బాబూ, మీకు తీరికుంటే..." అన్నారు. అతను "సరేనండి" అని, బూట్లు విప్పి లోపలికొచ్చాడు.

మొదటి సాయంత్రం నేనూ ఉన్నాను, వినోదం చూద్దామని. ఇద్దరూ కలిసి ఆడే పద్ధతి ఒకటుందట, తెర రెండుగా చీలి ఒక సగంలో ఆవిడ, ఒక సగంలో అతను.

"అత్తయ్యగారూ, వంగండి. కాలుస్తున్నారు" అన్నాడతను.

వదినగారు సోఫాలో తల వంచేశారు.

"మీరు కాదండీ. తెర మీద. ఆ గుండ్రటి మీట నొక్కండి."

ఆవిడ నొక్కింది ఇంకో మీట. తుపాకీ పేలింది. ఎదురుగా నిలబడి ఆజ్ఞలిస్తున్న సొంత ఆఫీసరే కుప్పకూలాడు. "సారీ నాయనా" అన్నారు వదినగారు, తెర వైపు చూసి, ఎంతో బాధగా. అంతే, అల్లుడు కంట్రోలర్ పక్కన పెట్టి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు ఆ ఇంట్లో వినడం నాకదే మొదటిసారి. వదినగారిక్కూడా అదే మొదటిసారని ఆవిడ మొహం చూస్తే తెలిసింది.

ఆ తర్వాత రోజూ పనినుంచి రాగానే వచ్చేవాడు. ఆవిడ కాఫీ కలిపి ఉంచేవారు. పోల్చి చూడాలి కదా అని తన దగ్గరున్న మొదటి భాగం కూడా తెచ్చాడు. కొంచెంసేపు అది, కొంచెంసేపు ఇది. వదినగారికి చెయ్యి తిరిగింది. చెయ్యి తిరగడమేమిటి, పూనకమే వచ్చింది. ఒకరోజు కరెంటు మీటరు చూసే ఆయన మెట్ల దగ్గర కొయ్యబారి నిలబడి ఉన్నాడు. ఏమయిందా అని నేను బయటికొచ్చేసరికి లోపలినుంచి వదినగారి గొంతు: "కిటికీ దగ్గర ఒకడున్నాడు, వాణ్ణి నువ్వు చూసుకో. మెట్ల మీదోణ్ణి నేను లేపేస్తా." ఆయన నావైపు చూశాడు. "అత్తా అల్లుళ్లు లెండి" అన్నాను. ఆయన ఇంకా భయపడ్డాడు.

ఆ హడావుడిలో "నువ్వు" అనేసినందుకు తర్వాత వదినగారు నొచ్చుకున్నారట. "అలాగే అనండి అత్తయ్యగారూ. 'మీరు' అన్నప్పుడల్లా నాకు వెనకాల ఇంకెవరో ఉన్నట్టుంటుంది" అన్నాడట అతను. ఆ మాటలోనే ఇన్నేళ్ల మౌనం సంగతీ బయటపడింది. "మీరు అంత చదువుకున్నవారు. నేను నోరు తెరిస్తే ఏం తప్పు దొర్లుతుందోనని ఊరుకునేవాణ్ణండి." ఆవిడంటే గిట్టకపోవడమన్న ఆలోచనే అతనికి ఏనాడూ లేదు. ఇది చెప్తూ వదినగారు కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. నాలుగేళ్లు ఊరికే పోయాయమ్మా అన్నారు.

ఇలా ఉండగా రెండో భాగంలో పట్నం సీను వచ్చింది. ఇళ్లలోకి దూరి ఒక్కొక్క గదీ వెతకాలి. ఒక గుమ్మంలోంచి ఎవరో గబుక్కున వచ్చారు. వదినగారు కాల్చేశారు. చూస్తే సైనికుడు కాదు, ఉతికిన బట్టల బుట్ట పట్టుకున్న ఆడమనిషి. తెర మూలన ఎర్రగా యాభై పాయింట్లు పోయినట్టు పడింది, ఆట ఆగలేదు. ఆవిడా ఆగలేదు. తర్వాతి గది, ఆ తర్వాతి గది. చివర్న బంగారు రంగులో మూడు నక్షత్రాలు, "అద్భుతం" అన్న మాట. "చూశావా బాబూ, మూడొచ్చాయి" అన్నారు సంబరంగా. అతను కంట్రోలర్ కింద పెట్టాడు. అప్పుడు వదినగారికి గుర్తొచ్చింది.

"ఆ బుట్ట ఆవిడ ఏమైంది?" అని అడిగారు.

అతను ఆ గుమ్మం దాకా వెనక్కి నడిపించి చూపించాడు. అక్కడ మనిషీ లేదు, బుట్టా లేదు. "ఇందులో పడ్డవాళ్లు పడినట్టు ఉండరండి, మాయమైపోతారు. రక్తం తగ్గించామన్నది అదే."

"మరి మొదటి భాగంలో?"

అతను అది పెట్టి, అలాంటి చోటే కావాలని ఒక ముసలాయన్ని కాల్చాడు. ఆయన పడిపోయాడు, రక్తం కారింది, అక్కడే పడి ఉన్నాడు. తెర మసకబారింది. ఆఫీసరు గొంతు, కోపం కూడా లేకుండా, "వెనక్కి పదండి" అంది. అంతే, ఆట మళ్లీ మొదటికి వచ్చింది.

"కుర్రతనంలో ఈ మాట వింటే ఒళ్లు మండేదండి. గంటసేపు ఆడిందంతా బూడిదలో పోసినట్టయ్యేది. కానీ తర్వాత తర్వాత తలుపు ముందు ఒక్క క్షణం ఆగడం అలవాటైంది" అన్నాడు.

వదినగారు టీవీ కట్టేశారట. "రెండోదానికీ పద్దెనిమిదే వెయ్యాలి" అన్నారు.

దానికి అల్లుడు ఒప్పుకోకపోవడం విచిత్రం. "ముద్ర చూసి ఆగే పిల్లాడెవడండీ? నేను మొదటిది ఆడినప్పుడు నాకు పద్నాలుగు. అదీగాక రెండోది ఆటగా చూస్తే బాగుంది. ఆ మంచులో నడుస్తుంటే బూటు కింద కరకరమనే చప్పుడుంది చూడండి, అలాంటిది నేనెక్కడా వినలేదు. ఇద్దరం కలిసి ఆడే ఏర్పాటు మొదటిదాంట్లో లేనే లేదు."

"బాగుంది, కాదనను. నాకూ నచ్చింది. పిల్లాడు ఆగకపోవచ్చు. కొనిచ్చే అమ్మో నాన్నో ఆగి ఒకసారి చూస్తారు. నా పని వాళ్లకోసం" అన్నారు ఆవిడ. ఆ పూట తెగలేదు. అతను పైకెళ్లాడు, ఆవిడ కంట్రోలర్లు తుడిచి పెట్టారు.

కమిటీ కూర్చున్న రోజు కంపెనీ తరఫున ఒక అమ్మాయి వచ్చింది. చక్కగా మాట్లాడుతుందట. రక్తం లేదు, శవాలు లేవు, బూతు లేదు అని చూపించింది. పదహారుకి ఇంతకంటే ఘోరమైనవి ఇచ్చాం కదా అంది డాక్టరమ్మ, అదీ నిజమే. వదినగారు ముందు గేమ్‌లో బాగున్నవన్నీ చెప్పారు. ఆ మంచు చప్పుడు సంగతి కూడా. తర్వాత బట్టల బుట్ట సంగతి చెప్పారు.

"చిన్న పొరపాటుకి చిన్న జరిమానా మేడమ్. ఆట ప్రతిసారీ ఆగిపోతే జనం విసుక్కుంటారు" అంది ఆ అమ్మాయి.

"విసుక్కుంటారమ్మా, నేనూ విసుక్కున్నాను. కానీ నాకు అరవై దాటాయి. జీవితమంతా పిల్లలకి మంచీ చెడ్డా చూసి పుస్తకాలిచ్చినదాన్ని. ఆ మనిషిని కాల్చిన కాసేపటికే మర్చిపోయి, నక్షత్రాలొచ్చాయని సంబరపడ్డాను. నన్నే అంత తేలిగ్గా మరిపించిన ఆట పదహారేళ్లవాణ్ణి ఏం చేస్తుందో నాకు తెలీదు. తెలీదు కాబట్టే భయం" అన్నారు.

డాక్టరమ్మ పదహారు అని రాసిచ్చేసింది. జడ్జిగారు కలం పట్టుకుని, "నిజం చెప్పాలంటే నేను పడవ దిగలేకపోయాను. ఆడకుండా తీర్పు చెప్పను" అని వాయిదా వేశారు.

ఆ ఆదివారం ఆయన వదినగారింటికి వచ్చారు, తెల్ల చొక్కా, చేతికర్రతో. అల్లుడు పక్కన కూర్చుని, "సార్, వంగండి. తెర మీద సార్" అని మొదలుపెట్టాడు. నేను టీ తీసుకెళ్లాను. జడ్జిగారు నత్తనడక నడిచారు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఆలోచించేవారు, అంతలో శత్రువులు ఈయన్ని కాల్చేసేవారు. విసుగెత్తి చివరికి ఆయన కూడా తొందరపడ్డారు. ఎవరో పడ్డారు, ఎర్ర అంకె పడింది, ఆట ముందుకు పోయింది. ఆయన టీ చల్లారిపోయింది. "ఆ మొదటి భాగం కూడా ఒకసారి పెట్టు బాబూ" అన్నారు.

పద్దెనిమిది ముద్ర పడింది, ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు. డాక్టరమ్మ ఏమీ అనుకోలేదు, వదినగారితో ఎప్పటిలాగే ఉంది. ఇంటర్నెట్‌లో మాత్రం ముసలి కమిటీ అని కడిగేశారట. గేమ్ విడుదలైంది, జనం ఎగబడి కొన్నారు. మా వీధి మొదట్లో దుకాణం అద్దంలో కూడా ఆ ముద్రతోనే పెట్టారు. ఒకావిడ అది చేతిలోకి తీసుకుని, ముద్ర చూసి, పక్కనున్న కొడుకుతో ఏదో వాదిస్తుంటే నేను చూశాను. కొన్నదో లేదో చూడలేదు, నాకు దారం రీలు కావాలి, వెళ్లిపోయాను.

అల్లుడు మొదటి రోజే కొన్నాడు. "దాని తప్పు చూపించింది నువ్వే కదా బాబూ" అన్నారు వదినగారు.

"చూపించాననుకోండి. అయినా మంచు బాగుంటుంది."

ట్రైనింగ్ అయిపోయి కూతురు వచ్చింది. వచ్చిన రెండో రోజు నా దగ్గరికొచ్చి కూర్చుని, చిరిగిన చున్నీ ఒకటి ఇచ్చి, కుట్టించుకునే నెపంతో చాలాసేపు ఉంది.

"పిన్నీ, అమ్మా ఆయనా భోజనాల దగ్గర మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను నీళ్లు కావాలని రెండుసార్లు అడిగాను. ఎవరూ వినలేదు."

"కోపమా?" అన్నాను.

"కోపమేం లేదు. ఆయన ఇంత మాట్లాడతాడని నాక్కూడా తెలీదు" అంది, సూదిలోకి నేను దారం ఎక్కిస్తుంటే చూస్తూ. తర్వాత ఆ చున్నీ తీసుకుని, పైకి వెళ్లకుండా, తిన్నగా తల్లి ఇంట్లోకే వెళ్లింది.