చెలమ పూడిన రోజు

నా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే మా ఊరి పక్కన పాపఘ్ని ఏట్లో ఇసుక తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ ఇసుకలోనే నడుంలోతు గుంత తవ్వి, ఊరిన నీళ్లను ముంతతో తోడుకునేవాళ్లం. దాన్నే చెలమ అంటాం. ఎంత కరువైనా దాన్ని ఎవరూ ఊడ్చేసేవాళ్లు కాదు, అడుగున కొన్ని నీళ్లు వదిలే లేచేవాళ్లు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఒకరోజు తెల్లవారుజాము నుంచీ అమ్మకు ఒకటే వాంతులు, విరేచనాలు. నాన్న కూలికి దూరం పోయాడు. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. తొమ్మిదేళ్లదాన్ని, కడవ ఎత్తుకుని ఏటికి పరుగెత్తాను. సంగతి విని, వరుసలో ఉన్న ఆడవాళ్లు నన్ను ముందుకు పంపారు. కడవ సగం కాకముందే చెలమలో నీళ్లు అడుగంటాయి. నాకు అమ్మ ఎండిపోయిన పెదాలే కళ్ల ముందు. అడుగున ఉన్నవీ తోడేశాను. అవీ చాలక ముంత అంచుతో ఇంకా లోతుకు గీరాను. గోడలు ఒక్కసారిగా జారి గుంత పూడిపోయింది. గట్టునున్న నా కడవ కూడా దొర్లింది. ఉన్న నీళ్లు ఇసుకలో ఇంకిపోయాయి.

"ఎంత పని చేస్తివే," అని ఎవరో తల పట్టుకున్నారు.

నాకంటే ముందే నీళ్లు పట్టుకున్న పక్కింటి అక్క తన నిండు కడవను నా చంకకెత్తింది.

"బిరబిరా పో పాపా, మీ అమ్మ ఎట్టుండాదో ఏమో. అడుగున నాలుగు నీళ్లుంటేనే గోడ నిలబడతాది. అంతా తోడుకుంటే ఎవురికీ దక్కవు," అని ఇసుకలోకి దిగింది.

అమ్మ ఆ నీళ్లతోనే బతికింది. అక్క మాత్రం మళ్లీ చెలమ తవ్వి, నీళ్లు తేరేదాకా మధ్యాహ్నం వరకు అక్కడే ఉండిపోయింది. ఇంట్లో ఆమె రెండేళ్ల బిడ్డ దాహానికి ఏడుస్తుంటే గోడకు ఇవతల కూర్చుని విన్నాను. ఒక చెంబు తీసుకెళ్లి ఇవ్వొచ్చు. అమ్మకు చాలవేమోనని ఇవ్వలేదు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

ఇప్పుడు మాకు చీనీతోట, అదే బత్తాయితోట, ఉంది. బోరులో నీళ్లు తగ్గాయి. పక్క చేనాయన బోరూ అంతంతమాత్రమే. మొన్న నా కొడుకు ఆయన గట్టు పక్కనే, ఆయన బోరుకంటే లోతుగా ఇంకోటి వేద్దామని లారీ పిలిపించాడు. నేను అడ్డం నిలబడి వెనక్కి పంపేశాను.

"మన చెట్లు ఎండిపోతాండాయి, కనపడలేదామా?" అన్నాడు. కనపడుతూనే ఉంది. నీళ్లు చాలినన్ని చెట్లే ఉంచుకుందాం, తక్కినవి కొట్టేద్దాం అన్నాను. ఆ చెట్లు నేను పెట్టినవే, ఆ మాట అంటుంటే నాకూ ఏడుపొచ్చింది. వాడు నాతో మాట్లాడడం మానేశాడు. మానేయనీ. ఒకసారి పక్కింటి దాహం విని ఊరుకున్నాను, రెండోసారి ఊరుకోను.