ఆగాల్సిన చోట ఆగని మోత

ఎనభైల చివర్లో నేను పొదిలిలో మిషన్ బడి పంతుల్ని. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయించేవాణ్ణి. ఆ ఏడు మద్రాసులో పనిచేసే మా బావమరిది ఒక హెవీ మెటల్ క్యాసెట్ తెచ్చిచ్చాడు. అందులో గిటార్ మోత నాకు అంతుపట్టలేదు. గరగరమంటూ మీద పడేది, మరుక్షణం కత్తిరించినట్టు ఆగిపోయేది. నాకు అది కావాలనిపించింది. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.

బస్టాండు వెనక ఒకాయన రేడియోలు, మైకుసెట్లు బాగుచేసేవాడు. అంతకుముందు పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి క్వారీలో చేశాడు. అక్కడి పేలుళ్లకి ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోది సగం. ఆయన చేత రెండు ట్రాన్సిస్టర్లతో, గిటార్ మోతని గరగరలాడించే చిన్న పెట్టె కట్టించుకున్నాను. దాన్ని గిటార్‌కీ యాంప్లిఫయర్‌కీ మధ్య పెట్టి, గరగరని పెంచే గెయిన్ గుండీని చివరిదాకా తిప్పాను. లావు తీగ మీటగానే వానకి నల్లరేగడిలో బండి దిగబడ్డట్టయింది. బాస్ పెంచితే ఇంకా ముద్దయింది. నెలరోజులు సాయంత్రాలు ఆ కొట్లోనే కూర్చుని గుండీలు తిప్పాను. ఆయన విసుక్కోలేదు గానీ, సరిగా వినపడని మనిషికి లోపమేంటో ఎలా చెప్పాలో నాకు తెలిసేది కాదు.

ఒకరోజు ఆయనే లేచొచ్చి, స్పీకర్‌లో అదిరే కాగితపు కోన్ మీద మూడు వేళ్లు ఆనించి వాయించమన్నాడు. వాయించి ఆపాను. ఆయన వేళ్లు తియ్యలేదు.

“మీ చెయ్యి ఆగింది మాస్టారూ. ఇది ఆగలా,” అన్నాడు.

అక్కణ్ణించి పని ఆయనే నడిపించాడు. బాస్ బరువంతా పెట్టె లోపలికి పోయాక స్వరాన్ని చింపితే ముద్దే మిగులుతుంది, పోకముందే తగ్గించాలన్నాడు. పెట్టె మొదట్లో ఉన్న కెపాసిటర్ తీసి చిన్నది వేశాడు. కావాలంటే బాస్ తర్వాత యాంప్లిఫయర్ దగ్గర కాస్త కలుపుకోమన్నాడు. గెయిన్ సగానికి దించమంటే నాకు మనసొప్పలేదు, అయినా దించాను. స్పీకర్ డబ్బా వెనకంతా తెరిచి ఉండేది. దానికి ప్లైవుడ్ కొట్టి, జిన్నింగ్ మిల్లు నుంచి తెచ్చిన దూది లోపల కూరాడు. మోత వెంటనే ఆగేలా నేను అరచేతి అంచుని తీగల మొదట ఆనించి మీటడం సాధన చేశాను.

ఒక మధ్యాహ్నం అది వచ్చింది. ఎదురుగా లారీలోకి మిరపకాయల బస్తాలు ఎత్తుతున్న కూలీలు ఇటు తిరిగి చూశారు.

ఆయన ఇంకోసారి వాయించమన్నాడు. ఆ తర్వాత ఇంకోసారి. వేళ్లు కోన్ మీదే ఉన్నాయి.

“క్వారీ వదిలాక పాటంటే మర్చిపోయానండి. ఇది తెలుస్తా ఉంది,” అన్నాడు.

నేను తీగలు శ్రుతి చేసుకున్నాను.

చర్చిలో ఆ మోతని ఒక్కసారి వాయించాను. పాస్టరుగారు విని, ఆరాధనకి వద్దులెమ్మన్నారు. మరుసటేడు నాకు కనిగిరి బదిలీ అయింది. వెళ్లేముందు రేడియోల కొట్టాయనకి లావు తీగ మీద ఒక చిన్న వరస నేర్పాను. రెండు రోజుల్లో పట్టుకున్నాడు. గిటార్ ఆయన దగ్గరే ఉంచి పోదామనుకున్నాను గానీ ఉంచలేదు. కనిగిరిలో నేను దాన్ని పెద్దగా వాయించిందీ లేదు.