కొండవ్వ చిటికెడు మందు

సిద్దిపేటలో బీడీలు చుట్టే ఆ గల్లీలో ఎవరికి పన్ను నొప్పి లేచినా ముందు కొండవ్వ ఇంటికే పోయేవాళ్లు. దవాఖాన ఎక్కడికీ పోదు, కొండవ్వ మందు మాత్రం ఇప్పటికిప్పుడు దొరుకుతుందని వాళ్ల లెక్క. ఆమె ఒళ్లో ఎప్పుడూ చాట ఉండేది, చాటలో తునికాకు, తంబాకు అనే బీడీ పొగాకు ఉండేవి. చిటికెడు తంబాకు తీసి, గోటితో ఇంత సున్నం అద్ది, అరచేతిలో నలిపి, ఉండ చేసి, నొప్పున్న పంటి పక్కన బుగ్గ లోపల పెట్టేది. కాసేపటికి నొప్పి మొద్దుబారేది. వచ్చినవాళ్లు దండం పెట్టి పోయేవాళ్లు. పుచ్చిన పన్ను లోపల పుచ్చుతూనే ఉండేది. ఆ సంగతి ఎవరికి కావాలి?

అసలు ఆ గల్లీలో పళ్లు పుచ్చకపోతేనే వింత. పొద్దున చాట ముందేసుకున్న ఆడవాళ్లు ఆకు అయిపోయేదాకా లేవరు. లేస్తే చేతివేగం తప్పుతుందని అన్నం మానేసి చాయ్ తాగుతారు. అది చాయ్ కాదు, పాకం. ఆకలి వేసినప్పుడల్లా అదే. నోరు పుక్కిలించడానికి కూడా లేవనివ్వని పని అది. బీడీలు లెక్కపెట్టి తీసుకుపోయేవాళ్లకు వీళ్ల వేళ్లు కావాలి గానీ నోళ్లతో పనేముంది?

కొండవ్వ కూతురు దేవికకు పన్నెండేళ్లప్పుడు దవడ పన్ను నొప్పి లేచింది. అప్పటికే తండ్రి పోయాడు. తల్లీకూతుళ్లిద్దరూ చుడితే తప్ప పొయ్యి వెలగదు. పిల్ల చాట పక్కకు నెట్టి ఏడుస్తూ పడుకుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. కొండవ్వ అడగకముందే పెట్టింది, ఎడమ బుగ్గలో, తన వేలితోనే. పిల్లకు తల తిరిగింది, వాంతయింది, ఆ తర్వాత కళ్లు తుడుచుకుని లేచి మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుంది. కొండవ్వ ప్రాణం కుదుటపడింది.

ఇక ఆ తర్వాత నొప్పి ఉన్నా లేకున్నా దేవికకు ఆ ఉండ కావాల్సి వచ్చేది. అది లేనిదే చేతులు ఆడేవి కావు. దాన్ని అలవాటని కొండవ్వ ఎన్నడూ అనుకోలేదు. గుట్కా నమిలి గోడల మీద ఉమ్మే మగవాళ్లది అలవాటు. ఇది మందు. పదహారేళ్లు అట్లాగే గడిచాయి. ఒకరోజు దేవిక బుగ్గ లోపల తెల్లటి మచ్చ కనిపించింది. కారం తగిలితే మంటగా ఉందని తల్లికి చెప్పింది.

“సున్నం ఎక్కువైందే బిడ్డా. రేపటి సంది తక్కువేస్త” అంది కొండవ్వ. కూరలో ఉప్పు ఎక్కువైనట్టు అంత తేలిగ్గా అనేసింది.

అదే ఏడు ఎండలు ముదరకముందు, పళ్ల డాక్టర్ల కాలేజీ నుంచి కొందరు పరిశోధనకని వచ్చారు. బీడీ పనివాళ్ల నోళ్లు పరీక్షించి, ఏ అలవాటు ఏ జబ్బు తెస్తుందో తేల్చడం వాళ్ల పని. అందులో యాస్మిన్ అనే చిన్న డాక్టరమ్మ కొండవ్వ ఇంటికొచ్చి చాప మీద కూర్చుంది.

“సర్వే చేస్తున్నమమ్మా. మీ ఇద్దరికి తంబాకు నోట్ల పెట్టుకునే అలవాటున్నదా?”

సర్వే అనగానే కొండవ్వ బిగుసుకుపోయింది. ఆమె పుట్టిల్లు వేములఘాట్. ఆ ఊరికి కూడా మొదట కాగితాలు పట్టుకుని, మంచిగా మాట్లాడేవాళ్లే వచ్చారు. ఇంట్లో ఎన్ని గదులు, చేనులో ఎన్ని చెట్లు అని అడిగారు. ఆమె తమ్ముడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇప్పుడు ఆ ఇంటి మీద మల్లన్నసాగర్ ప్రాజెక్టు నీళ్లున్నాయి. నిజం చెబితే ఉన్నది పోతుందని ఆమెకు అప్పుడే మనసులో నాటుకుంది. పైగా గుమ్మంలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు నిలబడి వింటున్నారు.

“మాకేం అలవాట్లు లెవ్వు” అంది.

“మీ బిడ్డకు?”

“నా బిడ్డకా? దానికి వక్కపలుకు సుత తెల్వది.”

దేవిక ఏదో చెప్పబోయి, తల్లి చూసిన చూపుకు నోరు మూసుకుంది.

“ఒక్కసారి నోరు సూసి పోతనమ్మా” అని యాస్మిన్ బతిమాలింది.

“ఆకు ఎండిపోతది బిడ్డా. మల్ల సూద్దువు గాని.”

డాక్టరమ్మ అప్పటికీ లేవలేదు. తంబాకు పెట్టుకున్నచోట పంటి చిగురు కిందికి జారుతుందని, బుగ్గ తెల్లబడుతుందని, కొందరిలో ఆ తెలుపే క్యాన్సర్‌గా మారుతుందని, ముందే దొరికితే ఆపడానికి వీలుంటుందని పరిశోధనల్లో తేలిందని చెప్పింది. నొప్పి తెలియకపోవడం వేరు, జబ్బు తగ్గడం వేరు అంది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల తన మందుకు వంక పెడుతుందా అని కొండవ్వకు మండింది. చాయ్ పోసి సాగనంపింది. ఆ రోజు ఆ పిల్లను కూర్చోబెట్టి కూతురి నోరు చూపించి ఉంటే ఈ కథ చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదేమో.

బతుకమ్మ నాటికి మచ్చ పుండైంది. దేవిక చప్పట్లు కొట్టింది గానీ పాటకు నోరు తెరవలేకపోయింది. తర్వాత తర్వాత అన్నం ముద్ద పట్టలేదు. నొప్పి ఎక్కువైనకొద్దీ కొండవ్వ మందు ఎక్కువ చేసింది. తల్లి కదా, ఊరుకుంటుందా?

ఏడాది తిరిగాక యాస్మిన్ మళ్లీ వచ్చింది. ఈసారి దేవిక తల్లి వైపు చూడలేదు. తనే లేచి వాకిట్లో వెలుగులోకి పోయి, తెరిచినంత మేర నోరు తెరిచింది. యాస్మిన్ టార్చి వేసి, పుండు చుట్టూ వేలితో నొక్కి చూసింది.

“ఎన్నేండ్ల సంది పెట్టుకుంటున్నవక్కా?”

“నేనే పెట్టిన. పన్నెండేండ్ల పిల్లప్పుడు” అంది కొండవ్వ.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేదని కొండవ్వకు అనిపించింది. “పోయినేడు సూడనిస్తే...” అని ఆగిపోయి, చీటీ రాసిచ్చింది.

పట్నంలో పెద్ద దవాఖానలో ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సరన్నారు. ఎడమ బుగ్గ, దవడ ఎముకలో కొంత తీసేశారు. తొడ కండ తెచ్చి అక్కడ కుట్టారు. కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. మళ్లీ రాదని మాత్రం ఎవరూ చెప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు గానీ, కాలినవి తల్లి చేతులు కావు.

ఇంటికొచ్చాక దేవిక ముఖానికి చున్నీ చుట్టుకుని, జావ తాగుతూ, మళ్లీ బీడీలే చుట్టింది. వాళ్లకు వేరే ఏ పని వచ్చు? ఆమె మాట ముద్దముద్దగా వచ్చేది. కొండవ్వకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. గల్లీలో అడిగినవాళ్లకు కొండవ్వ “గడ్డ లేచింది, తీసేసిన్రు, ఎవరి దిష్టో” అని చెప్పింది. నిజం చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. అందుకే గల్లీ ఇంకా ఆమె మందును నమ్ముతూనే ఉంది.

ఒక మధ్యాహ్నం పక్కింటి షహజాదీ తన ఐదారేళ్ల మనవరాలు ముబష్షిరాను లాక్కొచ్చింది. షహజాదీ కొండవ్వతో ఏళ్లుగా కలిసి బీడీలు చుట్టిన మనిషి, తనూ ఆ మందే బుగ్గన పెట్టుకునే మనిషి. పిల్ల చెంప పట్టుకుని వెక్కుతోంది.

“పొద్దటి సంది ఒక్కటే ఏడుపు కొండక్కా. జర పెట్టరాదు.”

వద్దనాలని కొండవ్వ మనసులో అనుకుంటూనే ఉంది. వేళ్లు ఆగలేదు. తంబాకు తీశాయి, సున్నం డబ్బీ మూత కూడా తీశాయి. దేవిక వచ్చి తల్లి మణికట్టు పట్టుకుంది. రెండో చేత్తో ముఖం మీది చున్నీ లాగేసింది. షహజాదీ “యా అల్లా” అని పిల్ల కళ్లు మూసింది. దేవిక ఏదో అంది. మళ్లీ అంది.

“ఏమంటున్నదక్కా?” అంది షహజాదీ.

ఆ మాట తెలిసింది ఒక్క కొండవ్వకే. చెప్పకుండా ఉండొచ్చు. దిష్టి అని ఇంకోసారి దాటేయొచ్చు. కూతురు మణికట్టు వదలలేదు.

“నాకు పెట్టినట్టు దానికి పెట్టకు అంటున్నది” అంది కొండవ్వ. “గిదే మందు షహజాదీ. గిది పెట్టే నా బిడ్డ మొకం గిట్ల చేసిన.”

షహజాదీ పిల్లను చంకనేసుకుని గుమ్మం దిగింది. నాలుగడుగులు వేసి ఆగి, తన కుడి బుగ్గ మీద వేలు పెట్టి నొక్కి చూసుకుంది.