ఫ్లాట్ టీవీ మీద చామంతులు

మూసాపేటలో మేం అద్దెకున్న ఇంటావిడకి ఒక్కటే పట్టింపు. గోడకి మేకు కొట్టకూడదు. మేం దిగిన రోజే గుమ్మంలో నిలబడి, "గోడలు ఖరాబ్ చెయ్యొద్దు. మేకు కనిపించిందంటే నాకు మస్తు కోపమొస్తది, ముందే చెప్తున్న" అనేసింది. సరేనన్నాం. క్యాలెండరు కూడా కిటికీ చువ్వకే కట్టుకున్నాం. అందుకే అన్నయ్య పోయాక వాడి ఫోటోకి ఇంట్లో చోటు దొరకలేదు. దండ వేసిన ఫోటోని పట్టుకుని అమ్మ హాలంతా తిరిగి తిరిగి, చివరికి టీవీ మీద పెట్టింది.

ఆ టీవీ వాడు కొన్నదే. హైటెక్ సిటీ కొత్తగా లేచిన రోజులవి. చుట్టూ బండరాళ్లు, మధ్యలో అద్దాల మేడ, అందులో మావాడికి ఉద్యోగం. జీతం వచ్చాక ఇంటికి తెచ్చిన మొదటి వస్తువు ఈ టీవీ. ఫ్లాట్ అని పేరే గానీ ముందున్న అద్దం ఒక్కటే చదును. వెనకాల పాత టీవీలకున్న బొజ్జ దీనికీ ఉంది. "పక్కనుంచి చూసినా బొమ్మ వంకర పోదు, చూడమ్మా" అంటూ అమ్మ చెయ్యి పట్టుకుని ఒకసారి గుమ్మం వైపుకి, ఒకసారి వంటింటి వైపుకి లాక్కెళ్లి మరీ చూపించాడు. "బాగుంది లేరా, అవతల కూర మాడిపోతోంది" అని అమ్మ నవ్వింది. ఆ కూర నిజంగానే మాడింది.

వర్షాకాలంలో ఒక సాయంత్రం మాదాపూర్ నుంచి స్కూటర్ మీద వస్తూ, జోరు వానలో లారీ కింద పడ్డాడు. దాని గురించి ఇంతకంటే రాయలేను. రాయను కూడా.

పరామర్శకి వచ్చినవాళ్లంతా "ధైర్యంగా ఉండాలి" అని చెప్పి, కాఫీ తాగి వెళ్లేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. ధైర్యం ఏ కొట్లో దొరుకుతుందో ఒక్కరూ చెప్పలేదు. అమ్మ ఏడవడం కూడా మానేసింది. పలకరిస్తే ఊఁ, లేకపోతే అదీ లేదు.

దినాలన్నీ అయ్యాక, ఒక సాయంత్రం తనంతట తనే లేచి టీవీ పెట్టింది. సరిగ్గా వాడు ఇంటికొచ్చే వేళకి. అప్పట్నుంచి రోజూ అంతే. చూసేది కాదు. సౌండ్ బాగా తగ్గించి, ముందు చాప వేసుకుని చిక్కుడుకాయలో, గోరుచిక్కుళ్లో ఒలుస్తూ కూర్చునేది. ఆ కాసేపే అమ్మ మళ్లీ మా అమ్మలా ఉండేది. నాతో రెండు మాటలు మాట్లాడేది, అన్నం కలుపుకుని నాలుగు ముద్దలు తినేది. ఫోటోకి పొద్దున్నే తాజా చామంతులు పెట్టేది. అవి సాయంత్రానికి వాడిపోకుండా మధ్యలో చేత్తో నీళ్లు చిలకరించేది. నాన్న మాత్రం ఫోటో వైపు చూసేవాడు కాదు. టీవీ ముందునుంచి వెళ్లాల్సొస్తే తల వంచుకుని గబగబా దాటిపోయేవాడు.

అలాంటిది, ఒక సాయంత్రం టీవీ రాలేదు.

అమ్మ రిమోట్ నొక్కింది. మళ్లీ నొక్కింది. కింద వెలగాల్సిన ఎర్ర లైటు కూడా వెలగలేదు. "ఏమండీ, ఒకసారి చూడండి" అని నాన్నని పిలిచింది. నాన్న ప్రభుత్వాఫీసులో గుమాస్తా. ఫైలు చూడమంటే చూస్తాడు గానీ, ఇంట్లో బల్బు మార్చాలన్నా అన్నయ్యే. అయినా బనీనుతోనే టీవీ ముందు కూలబడ్డాడు.

రిమోట్ బ్యాటరీలు తీసి, అరచేతుల మధ్య రుద్ది మళ్లీ పెట్టాడు. రాలేదు. గోడ గడియారం పెట్టుకోనివ్వని ఇల్లు కదా, బల్ల మీది గడియారంలోంచి బ్యాటరీ పీకాడు. గడియారం ఆగింది, టీవీ మాత్రం రాలేదు. టీవీకున్న బటన్ నొక్కాడు. ప్లగ్గు ఊడబీకి వంటింట్లో పెట్టాడు. అక్కడా రాలేదు. అదే సాకెట్‌లో ఇస్త్రీపెట్టె పెడితే చక్కగా కాలింది. స్టెబిలైజర్ ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. టీవీతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం తీసి, కళ్లజోడు పెట్టుకుని పైకే చదివాడు. టీవీ రాకపోతే ముందు ప్లగ్గు పెట్టారో లేదో చూసుకోవాలట. "ఆహా, ఎంత తెలివి!" అన్నాను. చివరికి అందరూ చేసే పనే చేశాడు. పక్కనుంచి అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు.

"కొట్టకండి" అంది అమ్మ. గొంతు ఎలా ఉందంటే, నాన్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. మర్నాడు మజ్జిగ తాగింది. సాయంత్రం అదే వేళకి చాప వేసుకుని, ఏమీ రాని టీవీ ముందు కూర్చుంది. చేతిలో కూరగాయలు కూడా లేవు. ఆ వారమంతా అంతే. మనిషి కళ్లముందే చిక్కిపోతోంది. ఈ డబ్బా పలికితే తప్ప అమ్మ మాకు దక్కదని నాకు భయం పట్టుకుంది. నాన్నకీ అదే భయం. పైకి చెప్పలేదు గానీ, రోజూ ఆఫీసు నుంచి వస్తూ బాలానగర్‌లో దిగి మెకానిక్ షాపు చుట్టూ తిరిగేవాడు. అతనేమో "రేపొస్తా సార్, ఫికర్ చెయ్యకు" అనేవాడు. ఆ రేపు వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఎట్టకేలకు ఒక ఆదివారం వచ్చాడు. రాగానే స్టెబిలైజర్ పోయిందన్నాడు. కాదని తేలాక వైరు పోయిందన్నాడు. అదీ కాదని తేలాక, "ఇగ ఇప్పాల్సిందే. పైన సామాను తియ్యండ్రి" అన్నాడు. సామానంటే అన్నయ్య ఫోటో. అమ్మ దాన్ని తీసి రెండు చేతులతో పట్టుకుని పక్కన నిలబడింది.

అతను టీవీని గోడవైపు నుంచి తిప్పి, వెనక మూత ఊడదీశాడు. లోపలికి చూసి, "అరె, ఏంది సార్ ఇది! లోపల పూలతోట పెట్టిన్రా?" అన్నాడు.

మేం ముగ్గురం వంగి చూశాం. మూతకున్న గాలి సందుల్లోంచి రాలిన చామంతి రేకులు బోర్డుకి అతుక్కుని నల్లబడిపోయి ఉన్నాయి. వైర్ల మొదళ్లు ఆకుపచ్చగా చిలుం పట్టాయి.

"నీళ్లు పోయినయ్ లోపలికి. ఒక్కరోజు గాదు, రోజూ పోయినయ్. ఎవలు పోసిన్రు?" అన్నాడు. పాపం, అతనికేం తెలుసు.

"నేనే. పూలకి నీళ్లు చల్లేది నేనే" అన్నాడు నాన్న. తల ఎత్తి, స్పష్టంగా. ఫోటో వైపు కన్నెత్తి చూడని మనిషి.

"జర చూస్కోవాలె గద సార్. బోర్డు మొత్తం పోయింది. గీ మోడల్‌ది ఈడ దొరకది. దొరికినా నడుస్తదని నేను చెప్ప" అని మూత బిగించి, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు.

అతను గేటు దాటాక అమ్మ అంది. "నాకోసం అబద్ధం ఎందుకండీ? వాడు తెచ్చింది ఇదొక్కటే మిగిలింది. దీన్ని కూడా నేనే చంపేశాను."

"దీన్ని కూడా ఏంటమ్మా?" అని అరిచాను. నా నోరు అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. "ఏం మాటలవి? నువ్వెవర్ని చంపావు?"

అమ్మ ఫోటో పట్టుకుని చాప మీద కూర్చుంది. "ఆ రోజు మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. బూత్‌కి వెళ్లి వాడి ఆఫీసుకి ఫోన్ చేశాను. వానొచ్చేలా ఉంది, తొందరగా బయల్దేరమన్నాను. పనుందమ్మా అన్నాడు. వినలేదు, పట్టుబట్టాను. ఉండనిస్తే వాన వెలిశాకే వచ్చేవాడు."

ఇన్నాళ్లూ ఆ మాట గుండెల్లో పెట్టుకుని మా మధ్య తిరిగింది. ఒక్కసారి ఏడ్చి చెప్పకూడదా అని కోపం వచ్చింది. మరుక్షణం ఆ కోపమూ పోయింది.

నాన్న వెళ్లి అమ్మ పక్కన చాప మీద కూర్చున్నాడు. "ఫోన్ చెయ్యమన్నది నేనే కదే" అన్నాడు.

అమ్మ తలెత్తింది. "మీరా? ఎప్పుడు?"

"పొద్దున ఆఫీసుకి వెళ్తూ. చెప్పులేసుకుంటూ ఆకాశం చూశాను, మబ్బుగా ఉంది. సాయంత్రం వాడికి ఫోన్ చేసి తొందరగా రమ్మను అన్నాను. నువ్వు వంటింట్లోంచి ఊఁ అన్నావు. గుర్తులేదూ?"

అమ్మ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. నాన్న చూపు తిప్పుకోలేదు.

"చెప్పే ఉంటారు" అంది చివరికి. ఒళ్లో ఉన్న ఫోటో మీద చెయ్యి పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ రోజు పొద్దున మబ్బన్నదే లేదు. ఎండ కాస్తోందని డాబా మీద దుప్పట్లు ఆరేసింది నేనే. ఆ సంగతి అమ్మకి ఏనాడూ చెప్పలేదు. వెళ్లి ముగ్గురికీ కంచాలు పెట్టాను.