గేటు ఎదుట రెండు కార్లు

వర్ణవివక్ష చట్టాలు సడలి, మా ఊళ్లో తెల్లవాళ్ల బడి అందరికీ తలుపులు తెరిచిన ఏడాది, నాన్న నన్నూ చెల్లినీ మా ఇండియన్ల పేట నార్త్‌డేల్‌లోని బడి మాన్పించి అక్కడ చేర్పించాడు. అమ్మకు అది నచ్చలేదు. బళ్లు తెరిచే జనవరిలో మాకు కొత్త బ్లేజర్లు కొంటూనే, "ఇన్నేళ్లు గేటు తొక్కనీలేదు. ఇప్పుడేంటి ఇంత ప్రేమ?" అంది. పాత యూనిఫాంలను కూడా ఉతికి, ఇస్త్రీ చేసి ఉంచింది.

మొదటి రోజు ఒక టీచరు నవ్వుతూ ఎదురొచ్చి మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది. ఆ నవ్వు చూశాక అమ్మ అనుమానం ఇంకా పెరిగింది. ఇంటికి వెళ్లకుండా, గేటు ఎదుట కారులోనే కూర్చుండిపోయింది.

బడి వదిలాక నేను ముందుగా వచ్చేసరికి, అమ్మ కారు వెనక మరో కారులో ఒక తెల్లావిడ ఉంది.

"ఆమెందుకు కూచుంది?" అన్నాను.

"పొద్దున్నుంచీ కదల్లే. మీరు ఆమె పిల్లని ఏం చేసేస్తారో అని భయం," అంది అమ్మ.

అంతలో చెల్లీ, ఆవిడ కూతురూ చేయీ చేయీ పట్టుకుని గేటు దాటారు. ఇద్దరు తల్లులూ పరుగున వెళ్లి ఎవరి పిల్లను వాళ్లు లాక్కున్నారు.

కారులో అమ్మ చెల్లి చేతులు తిప్పి తిప్పి చూసింది. "గిచ్చిందా?"

"లేదమ్మా, నా రోటీ సగం తినేసింది."

అమ్మ నమ్మలేదు. మర్నాడు మళ్లీ కారులో కూర్చుంది. ఆవిడా వచ్చింది. వారం తిరిగేసరికి ఇద్దరూ పక్కపక్కనే కార్లు ఆపుకునేవారు, కానీ అద్దాలు మాత్రం దించేవారు కాదు.